పావు సురు తక్కువ

మిల్లు కూత పొద్దుగాల ఆరింటికి,
మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి.
బల్లార్షాలో గోడగడియారం సోకుకే.
గోగుల సమ్మి తన గిటార్‌ని ఆ కూతకే కట్టుకుంది,
పదిహేడేండ్లప్పుడు, క్వార్టర్ల వెనక,
వెదురు లారీలు తూచే కాంటా పక్కన.
ఎవరూ చెప్పలేదు ఆమెకు,
ఆ కూత ఏ హార్మోనియం మెట్టు మీదా నిలబడదని,
రెండు మెట్ల నడిమి సందులో ఇరుక్కుని అరుస్తదని.

లెక్కలు మరాఠీలో చేసేది, తిట్లు హిందీలో.
పాట మటుకు తెలుగే.
తెలుగు అక్షరాలు నేర్పే బడి లేక
తెలుగు మాటల్ని మరాఠీ లిపిలో రాసుకునేది.
ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది.
పైన గీత కింద వేలాడుతూ మన మాటలు,
దండెం మీద ఆరేసిన చొక్కాల్లాగ.

చొక్కాలంటే యాదికొచ్చింది:
వాళ్ళ నాయిన గుజ్జు సెక్షన్ల పనిచేసేది.
ఎన్ని సబ్బులు పెట్టినా ఉడికిన క్యాబేజీ వాసన.
ఆమె మొదటి పాట దాని మీదనే.
వాసన మీద పాటేందని నవ్విన్రు.
రెండోది క్యాంటీన్ చాయ్ కూపను మీద.
ప్రేమ పాట ఒక్కటే ఉండె,
అది కూడా ఎవరి మీదనో చెప్పకపోయేది.

నేను బేస్ గిటార్. విలాస్ మేశ్రామ్ డ్రమ్ములు.
పేరు 'మూడో షిఫ్ట్'.
గణపతి మండపంల సినిమా పాటలడిగిన్రు.
కూపను పాట ఎత్తుకోంగనే
ముందు వరస కుర్చీలు మడిచి ఎత్తుకపోయిన్రు.
సమ్మి ఆపలేదు. మడుస్తున్న కుర్చీల చప్పుడుకు
విలాస్ తాళం కలిపిండు.
ఆ రాత్రి మేం బాగా వాయించినం. నిజంగా.

నాగ్‌పూర్ స్టూడియోల ఇంజనీరు
చెవుల్నుంచి హెడ్‌ఫోన్ తీసి
అక్కా, సురు దిగిందన్నడు.
దిగలేదు, మా ఊర్ల అంతే ఉంటదన్నది.
అతను నవ్వి, కంప్యూటర్ల ఆమె గొంతును
పావు మెట్టు పైకి లేపి
సరిగ్గా మెట్టు మీద కూచోబెట్టిండు.
విన్నది. శానాసేపు మాట్లాడలేదు.
ఇదెవరే, బాగనే పాడుతుంది, అన్నది నాతోని.
ఐదొందల సీడీలు. మూడొందల ఇరవై
నా మంచం కింద ఉన్నయి. కావాలంటే తీసుకోండ్రి.

పూణె కాలేజీల ఒక్క రాత్రి మాత్రం
రెండువేల మంది పోరలు
అర్థం కాని మాటలు మాతోని అరిచిన్రు.
క్యాబేజీ, క్యాబేజీ, అని.
దాని తర్వాత బొంబాయి పిలిచింది. ఆమెను, మమ్మల్ని కాదు.
పద్నాలుగు నెలలు.
సబ్బుకు పాడింది, సిమెంటుకు పాడింది,
గుడ్డల దుకాణం పండుగ సేలుకు పాడింది.
జనరల్ బోగీల దిగినప్పుడు
గిటార్‌కు నాలుగే తీగలున్నయి.
ఏమైందని నేనడగలేదు.
విలాస్ అడిగిండు. దెబ్బలు తినాల్సింది, తప్పించుకున్నడు.

ఇంతల మిల్లుల కొత్త కూత పెట్టిన్రు.
కరెంటుది. సన్నగ, సక్కగ, మెట్టు మీదనే.
ఊర్ల ఎవరికీ తెలవలేదు ఏదో పోయిందని.
సమ్మి మటుకు పదింటికి చెవులు మూసుకునేది.
పాటలన్నీ ఉన్నయి, వాటిని కట్టే రాట లేదు.
తొమ్మిదేండ్లు గిటార్ ముట్టలేదు.
రాజూరా రోడ్డు మీద ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం,
కౌంటర్ వెనక రీలు చుట్టుకుంట కూచునేది.

మొన్న వానల్ల నా అటక కారింది.
తడిసిన డబ్బాల పాత కేసెట్ ఒకటి:
మా తొలి ప్రాక్టీసు. మధ్యల, పాటకు అడ్డం పడి,
రెండింటి కూత.
ఉరికినం. ఆమె దుకాణంలనే పెట్టి విన్నం.
తీగలు బిగించి, కూతకు కలిపి చూస్తే
టేపు సాగింది. పావు కాదు,
అర మెట్టు దిగింది కూత.
అసలు ఏ సురుండెనో ఇగ ఎవరికీ తెల్వదు.

నేను తల పట్టుకున్న.
సమ్మి మళ్ళీ వెనక్కి తిప్పి విన్నది.
దిగనీ, అన్నది, నా గొంతు దిగలేదా,
పొయ్యి మీదికి రావాలె గిన్నె, గిన్నె మీదికి పొయ్యి వస్తదా.
తీగలు ఇంకింత వదులు చేసింది.
విలాస్‌కు డ్రమ్ములు లేవు, అమ్ముకున్నడు.
వైరు చుట్టిన ఖాళీ డబ్బాను బోర్లించి
రెండు స్క్రూడ్రైవర్లు తీసుకుని
లెక్క పెట్టిండు, ఎప్పటిలెక్కనే:
ఏక్, దోన్, తీన్,